ఋతువు దిగని లోతు

*ఎండాకాలం నెర్రెలిచ్చి, వానాకాలం ఉబ్బి, వరదొస్తే మునిగే కృష్ణా డెల్టా నేలలో ఇంటికి ఏ పునాది నిలుస్తుంది?*

బెజవాడ అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో కొన్ని ఇళ్ల గోడల మీద రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది అడ్డగీత. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు ఇళ్లలోకి చేరిన బుడమేరు వాగు నీరు రోజుల తరబడి కదలకుండా నిలిచి, పోతూ పోతూ వదిలిన మరక అది. కొన్నిచోట్ల కిటికీ అంచు దాకా, కొన్నిచోట్ల మనిషి భుజం దాకా ఉంటుంది. పైన సున్నం వేసినా, నిమ్ము ఆరని గోడలో మళ్లీ తేలుతుంది. రెండోది ఏటవాలు గీత. కిటికీ మూల నుంచి శ్లాబు వైపు మెట్లు మెట్లుగా ఎక్కిన బీట. చాలా ఇళ్లలో అది వరదకు ముందే ఉంది. మే నెలలో పది రూపాయల బిళ్ల దూరేంత తెరుచుకుంటుంది, కార్తీకం నాటికి దాదాపు మూసుకుంటుంది. ఇంటాయన ఏటా ఎండాకాలం సిమెంటు పెట్టి పూడుస్తాడు. వానలు పడ్డాక ఆ సిమెంటే పెచ్చుగా లేచి కింద పడుతుంది.

రెండు గీతలూ చెప్పేది పునాది సంగతే. ఇంటి బేస్‌మట్టం ఎంత ఎత్తున ఉండాల్సిందో అడ్డగీత చెబుతుంది. పునాది ఎంత లోతుకు దిగాల్సిందో ఏటవాలు గీత చెబుతుంది. డెల్టాలో ఇల్లు కట్టేవారు గదుల కొలతలకూ, ఈశాన్యం మూలకూ, గుమ్మం టేకుకూ ఇచ్చే శ్రద్ధలో సగం కూడా ఈ రెండు కొలతలకు ఇవ్వరు. పక్కింటివాళ్లు ఐదడుగులు తవ్వారు కాబట్టి మనమూ ఐదడుగులే. ఆ పక్కింటివాళ్లు ఎవరిని చూసి తవ్వారో ఎవరికీ తెలియదు.

ఒకే ఊరు, మూడు నేలలు

డెల్టా అనగానే అంతా ఒకే ఒండ్రు అనుకుంటారు గానీ, బెజవాడ ఒక్క ఊళ్లోనే కనీసం మూడు నేలలున్నాయి. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండల మీద అడుగు తవ్వితే రాయి తగులుతుంది. అక్కడ బరువు మోయడం సమస్య కాదు, వాలు సమస్య. కొండను నిలువునా కోసి చదును చేసుకున్న చోట, వాన నీరు రాతి పగుళ్లలోకి దిగితే పైనున్న బండలు కదులుతాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయింది ఇలాంటి వానలోనే. కొండ మీద ఇంటికి పునాదితో పాటు వెనకవైపు నిలుపుగోడ, ఆ గోడకు నీరు పోయే రంధ్రాలు, పై నుంచి వచ్చే వాననీటిని పక్కకు మళ్లించే కాలువ కూడా పునాది ఖర్చులోనే లెక్కేసుకోవాలి.

కృష్ణలంక, రాణిగారితోట వైపు దిగితే నది పేర్చిన ఇసుక. ఇసుక ఉబ్బదు, ముడుచుకోదు. కదలకుండా పట్టి ఉంచితే బరువూ బాగానే మోస్తుంది. నీటి ప్రవాహం కోస్తే మాత్రం ఇంటి కింద నుంచి జారిపోతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కిందికి పోతున్నప్పుడు కృష్ణలంకను కాపాడింది ఇళ్ల పునాదులు కాదు, నది పొడవునా కట్టిన రిటైనింగ్ వాల్.

ఈ రెండూ పోగా మిగిలిన ఊరు, ఊరు దాటాక గన్నవరం, గుడివాడ, బందరు, అవనిగడ్డ దాకా పరుచుకున్నది ప్రధానంగా బంకమట్టి, నల్లరేగడి. మన దేశపు పాత ప్రమాణాల పట్టికలో గట్టి శిల చదరపు మీటరుకు 300 టన్నులకు పైగా మోస్తుందని రాసి ఉంటుంది. మెత్తటి బంకమట్టికి 10 టన్నులు, మరీ మెత్తటి దానికి 5 టన్నులు. నల్లరేగడికి ఎదురుగా అంకె లేదు. పరీక్ష చేసి తేల్చుకోమని మాత్రం ఉంటుంది. అంకె వేయకపోవడానికి కారణముంది. మే నెలలో గడ్డపారకు లొంగని ఆ నేలే సెప్టెంబరులో కాలు పెడితే దిగబడుతుంది. ఒకే నేలకు ఏడాదిలో రెండు బలాలు.

ఉబ్బే నేల, ముడుచుకునే నేల

వేసవిలో వరి కోసిన చేలో నడిచినవారికి నెర్రెల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలు విచ్చుకునే ఆ పనే, ఇంటి కింద కూడా కంటికి కనిపించకుండా జరుగుతుంది. రేగడి మట్టిలో ఉండే ఒక రకం ఖనిజం అట్టు మీద అట్టు పేర్చినట్టు పలుచటి పొరలుగా ఉంటుంది. నీరు ఆ పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది, ఎండితే అవి మళ్లీ దగ్గరవుతాయి.

ఇల్లంతా ఒకేసారి లేచి, ఒకేసారి దిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అలా జరగదు. నడింటి కింద నేలకు ఎండ తగలదు కాబట్టి అక్కడ చెమ్మ నిలకడగా ఉంటుంది. బయటి గోడల కింద మాత్రం బెజవాడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో నేల పీల్చుకుపోతుంది. అంచులు దిగుతాయి, మధ్య నిలుస్తుంది. దానికి తోడు ఒక మూల స్నానాల గది నీరు కారుతుంటుంది, ఇంకో మూల గోడకు ఆనుకుని వేపచెట్టు నేలలోని తడిని తోడేస్తుంటుంది. ఒక మూల లేచి, ఒక మూల దిగిన ఇంట్లో తలుపు గొళ్లెం పడదు. తలుపును చిత్రిక పట్టించుకుంటారు. నిజానికి చూపించాల్సింది వడ్రంగికి కాదు.

ఇక్కడ చాలామంది ఊహకు తలకిందులుగా ఉండే సంగతి ఒకటుంది. ఉబ్బే నేల మీద బరువైన ఇంటికన్నా తేలికైన ఇంటికే ప్రమాదం ఎక్కువ. మూడంతస్తుల భవనం తన బరువుతో నేలను అణిచిపెడుతుంది. రెండు గదుల ఒంటి అంతస్తు ఇల్లు అణచలేదు, నేల దాన్ని ఎత్తి పడేస్తుంది. అందుకే వీధిలో అన్నిటికన్నా ముందు వాలేది ప్రహరీ గోడ. స్థలం కొనే ముందు చుట్టుపక్కల ప్రహరీలను ఒక చుట్టు చూసిరావడం ఖర్చులేని మట్టి పరీక్ష.

> రెండు గాజు గొట్టాలు
>
> నేల ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్ష వంటింటి ప్రయోగమంత తేలిక. ఎండబెట్టి జల్లించిన మట్టిని పదేసి గ్రాములు రెండు కొలత గొట్టాల్లో పోస్తారు. ఒకదానిలో నీరు, మరోదానిలో కిరోసిన్. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఒక రోజంతా వదిలేసి రెండింటిలో మట్టి మట్టాలు పోల్చి చూస్తారు. తేడా 50 శాతం లోపుంటే భయం లేదు. 50 నుంచి 100 అయితే జాగ్రత్త పడాలి. 100 దాటితే మామూలు పునాది పనికిరాదని అర్థం. 200 దాటితే తీవ్రం.

కాలువల పంచాంగం

మిగతా చోట్ల నేల తడి వానల లెక్కన నడుస్తుంది. డెల్టాలో ఇంకో లెక్క కూడా ఉంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ బెజవాడ నుంచే బయల్దేరతాయి. వాటికి నీళ్లు వదిలితే చేలు నిండుతాయి, చేలు నిండితే నాలుగు రోజుల్లో పక్కనున్న ఇళ్ల నూతుల్లో నీరు పైకి వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ నీరు దిగిపోతుంది. వాన పడకపోయినా ఇంటి కింద నేల తడుస్తుంది, ఎండ లేకపోయినా ఆరుతుంది. కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువు గట్టుకు ఆనుకుని ఇల్లు కట్టుకున్నవారికైతే చెరువులో నీరున్నన్నాళ్లూ నేల మెత్తనే. అక్కడ ఉబ్బడం కన్నా కుంగడం పెద్ద బాధ.

చలిదేశాల్లో పునాది లోతును మంచు నిర్ణయిస్తుంది. అమెరికాలోని మిన్నెసోటాలో నేల గడ్డకట్టే లోతును బట్టి మూడున్నర నుంచి ఐదడుగుల కిందికి పునాది దిగాలని నిబంధన. గడ్డకట్టిన నేల ఉబ్బి ఇంటిని ఎత్తేస్తుంది కాబట్టి. మంచు ఎరగని డెల్టాలో ఆ పని తడీ ఎండా చేస్తాయి. సూత్రం రెండుచోట్లా ఒకటే: ఋతువు నేలలోకి ఎంత దూరం దిగుతుందో, పునాది అంతకన్నా కిందికి దిగాలి. దట్టమైన నల్లరేగడిలో ఆ దూరాన్ని సుమారు మూడున్నర మీటర్లుగా మన ఇంజినీర్లు లెక్కగట్టారు. అంటే పదకొండు, పన్నెండు అడుగులు. పక్కింటివాళ్ల ఐదడుగులు ఆ లెక్కలో సగం కూడా కాదు.

ఏ నేలకు ఏది

పన్నెండు అడుగుల గొయ్యి తవ్వి ప్రతి పిల్లరుకూ ఫుటింగ్ వేయడం ఎవరికైనా తలకు మించిన ఖర్చు. ఈ చిక్కుకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక దారి చూపింది. అదే అండర్ రీమ్డ్ పైల్. జానెడున్నర వెడల్పున నిలువుగా బోరు వేసి, అడుగున ఒక పరికరంతో మట్టిని గుండ్రంగా కోసి ఉల్లిగడ్డలా వెడల్పు చేస్తారు. ఇనుప బోను దించి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బు బోరుకు రెండున్నర రెట్ల వెడల్పు ఉంటుంది. ఋతువు సోకని లోతులో అది లంగరులా పట్టుకుంటుంది. పై నేల లేచినా ఇంటిని ఎత్తలేదు, దిగినా లాగలేదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగం మొత్తం దీని గురించే.

ఇందులో మేస్త్రీలు తరచూ వదిలేసే చిన్న పని ఒకటుంది. పైల్స్ తలలను కలుపుతూ వేసే బీముకూ కింది నేలకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలాలి. నేల ఉబ్బితే ఆ సందులోకి ఉబ్బుతుంది. సందు లేకపోతే బీమును కింద నుంచి తంతుంది, అంత ఖర్చు పెట్టి వేసిన పైల్స్ వృథా. ‘‘బీము గాల్లో ఉందేంటి’’ అని ఎవరో పెద్దమనిషి అడిగితే, రాత్రికి రాత్రి మట్టి కూరి ఆ సందు మూసేసిన ఇళ్లూ ఉంటాయి.

ఉబ్బు ఓ మాదిరిగా ఉన్న నేలలో, రెండంతస్తుల పిల్లర్ల ఇంటికి అంత అవసరం లేదు. ఐదారడుగుల లోతున ఫుటింగులు వేసి, అన్నిటినీ కలుపుతూ గట్టి ప్లింత్ బీము పోసి, చుట్టూ రేగడి తీసేసి ఎర్ర గ్రావెల్ పొరలుగా వేసి దిమ్మిస కొడితే చాలావరకు నిలుస్తుంది. ఉబ్బని జిగట మట్టిని మీటరు మందాన పరిస్తే కింది రేగడి లేవకుండా అణుగుతుందని ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి పరిశోధించి చూపారు. గ్రావెల్ బదులు వట్టి ఇసుక పోయడం మాత్రం మేలు చేయదు. ఇసుక నీటిని తొట్టిలా నిల్వ చేసి కింది రేగడికి తాగిస్తుంది. ఇసుక చవగ్గా దొరికిన రోజుల్లో కట్టిన ఇళ్లు చాలా ఈ పొరపాటుతోనే ఉన్నాయి.

వెనకటి రాతి కట్టు పునాది, అంటే గోడ పొడవునా కందకం తవ్వి కొండరాయి పేర్చడం, కొండ అంచుల్లోనూ గరువు నేలల్లోనూ ఇప్పటికీ మంచిదే. రేగడిలో అది ముక్కలు ముక్కలుగా కదులుతుంది, పై గోడ బీటలిస్తుంది.

మెత్తటి నేలలో అంతస్తులు పెరిగితే ఫుటింగులు వెడల్పవుతూ పోయి ఒకదానికొకటి తగులుతాయి. అవన్నీ కలిపి ఇంటి విస్తీర్ణంలో సగం దాటితే రాఫ్ట్ వేయడమే మేలని ఇంజినీర్ల మోటు లెక్క. ఇల్లంతా ఒకే కాంక్రీటు చాప మీద కూర్చుంటుంది, తెప్ప మీద కూర్చున్నట్టు. అమరావతిలో సచివాలయ టవర్లకు 2018 డిసెంబరులో మొదలుపెట్టింది ఇలాంటి రాఫ్టే. 2019 తర్వాత పనులు ఆగిపోయి, ఆ గుంతల్లో నీరు చేరి, రాఫ్టులు ఏళ్ల తరబడి మునిగే ఉన్నాయి. 2024లో ఐఐటీ మద్రాసు నిపుణులు వచ్చి చూశాకే, నీరు తోడించి ముందుకు కదిలారు. సగంలో ఆపిన పునాదితో సొంతిల్లు కట్టుకునేవారికీ ఇదే కథ. కాంక్రీటుకు నీటితో భయం తక్కువ; బయటికి తేలి ఉన్న ఇనుప చువ్వలకే భయమంతా. డబ్బు సర్దుబాటు కాక పని ఆగితే, ఆ చువ్వలకు పలుచటి సిమెంటు పాలు పూసి కప్పి ఉంచాలి.

> డాలస్‌లో పునాదికి నీళ్లు
>
> తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ చుట్టుపక్కల నేల కూడా మన నల్లరేగడి లాంటిదే. అక్కడి ఇళ్లు ఎక్కువగా నేల మీద పరిచిన కాంక్రీటు పలక మీద లేస్తాయి. ఎండాకాలం ఆ పలక చుట్టూ నేల ముడుచుకోకుండా, చిల్లుల గొట్టాలు వేసి పునాది అంచులకు నీళ్లు పెడతారు. మొక్కలకు నీళ్లు పెట్టినట్టు ఇంటికి నీళ్లు పెట్టడం చూసి ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులు విస్తుపోతారు. తడి ఒకే తీరున ఉంచడమే దాని ఉద్దేశం. ఇక్కడైతే ఇంటి చుట్టూ మూడు నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలుగా సిమెంటు చప్టా వేసుకోవడం అదే పని చేస్తుంది.

మెరక ఎంత, బేస్‌మట్టం ఎంత

లోతు లెక్క కుదిరాక ఎత్తు లెక్క. బుడమేరు 2005లోనూ బెజవాడను ముంచింది. 2024లో వెలగలేరు దిగువన ఆ వాగు నీటిని మళ్లించే డైవర్షన్ చానల్‌కు గండ్లు పడి నీరంతా పల్లం వెతుక్కుంటూ ఊళ్లోకి వచ్చింది. ఆ పల్లం ఒకప్పటి చేలు, బుడమేరు నీరు పరుచుకోవాల్సిన చోటు. తర్వాత ప్రభుత్వం ఇచ్చిన పరిహారం కూడా ఎత్తు లెక్కనే సాగింది: మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వారికి 10 వేలు.

పల్లపు స్థలం కొన్నవారు మొదట చేసే పని మెరక తోలించడం. లారీల లెక్కన వచ్చిన మట్టిని కుప్పలు పోసి, జేసీబీతో సర్ది, ఒక వాన పడ్డాక గట్టిపడిందనుకుని పునాది మొదలుపెడతారు. తోలిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. ఆ మట్టిలో పాత ఇళ్ల రబ్బిష్, ప్లాస్టిక్, చెట్ల వేళ్లు ఉంటే మరీను. జానెడు మందాన పొరలు పొరలుగా వేసి, నీళ్లు చల్లి, ఒక్కో పొరనూ అణగగొడితేనే అది మెరక. అప్పుడైనా ఫుటింగ్ కూర్చోవాల్సింది మెరక మీద కాదు, దాన్ని దాటి కిందున్న అసలు నేలలో. నాలుగడుగుల మెరక తోలించి ఐదడుగుల గొయ్యి తీస్తే అసలు నేలలోకి దిగింది అడుగే.

బేస్‌మట్టం ఎత్తును రోడ్డును చూసి నిర్ణయించడం మరో తప్పు. తారు మీద తారు, సిమెంటు మీద సిమెంటు వేసుకుంటూ రోడ్లు పెరుగుతూనే ఉంటాయి. వన్‌టౌన్‌లో ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాలి. అలాంటి ఇళ్లను జాకీలతో పైకి లేపే జట్లు కోస్తా పట్టణాల్లో తిరుగుతున్నాయి. లేపడం సాధ్యమే గానీ, పాత పునాది బలం తెలియకుండా లేపితే అతుకు దగ్గర బలహీనత మిగిలిపోతుంది. కొలవాల్సింది రోడ్డును కాదు, ఆ వీధిలో అన్నిటికన్నా పెద్ద వరద వదిలిన మరకను. సింగ్‌నగర్‌లో ఆ కొలబద్ద గోడల మీదే ఉంది. అంత ఎత్తున బేస్‌మట్టం కట్టడం కుదరనిచోట కింది అంతస్తును పిల్లర్ల మీద ఖాళీగా వదలడమే దారి. అక్కడ కార్లు పెట్టుకోవచ్చు. ఆ సందులకు గోడలు కట్టి అద్దెకివ్వడంతోనే ముప్పు మళ్లీ మొదటికొస్తుంది. పైగా గోడలున్న అంతస్తుల కింద వట్టి పిల్లర్లు భూకంపానికి బలహీనమైన చోటు. బెజవాడను ప్రమాణాల్లో చాలాకాలంగా మూడో భూకంప మండలంగా లెక్కిస్తున్నారు. 1967లో ఒంగోలు ప్రాంతంలో వచ్చిన కంపం ఈ చుట్టుపక్కలదే. అందుకే ఆ ఖాళీ అంతస్తు పిల్లర్లకు ఇనుము దగ్గర పొదుపు పనికిరాదు.

> ఘంటసాల చక్రం
>
> దివిసీమ దారిలో ఉన్న ఘంటసాలలో రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపాన్ని 19వ శతాబ్దం చివర అలెగ్జాండర్ రీ తవ్వించి చూశారు. లోపల నిండా ఇటుక లేదు. మధ్యలో ఒక చతురస్రపు కట్టడం, దాని నుంచి బండి చక్రం ఆకుల్లా బయటికి సాగిన ఇటుక గోడలు, చుట్టూ వలయాలు, సందుల్లో దట్టించిన మట్టి. ఇటుక తగ్గింది, బరువు తగ్గింది, గోడలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. డెల్టా నేల మీద పెద్ద కట్టడం నిలపడానికి ఆనాటి కట్టుబడివారు వేసిన ఎత్తు అది.

సముద్రం దగ్గరయ్యే కొద్దీ

బందరు, నాగాయలంక, కోడూరు వైపు వెళితే పునాదికి మరో ఇద్దరు శత్రువులు తోడవుతారు. ఒకటి ఉప్పు. భూగర్భజలంలోని ఉప్పు కాంక్రీటు సందుల్లోంచి దూరి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇంటి బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా అవే పోసి కాంక్రీటు కలిపితే, జబ్బును పుట్టుకతోనే ఎక్కించినట్టు. ఇనుముతో కలిసే కాంక్రీటుకు లీటరులో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉన్న నీరు వాడకూడదని ఐఎస్ 456 చెబుతుంది. ఫుటింగులో చువ్వ చుట్టూ కనీసం రెండంగుళాల కాంక్రీటు ఉండాలి, స్లాగ్ సిమెంటు వాడితే ఇంకా మేలు. కాలువ గట్లకు, చిన్న వంతెనలకు సరుగుడు బాదులు దిగ్గొట్టడం డెల్టాకు పాత అలవాటే. పూర్తిగా నీటిలో మునిగి ఉన్నంత మేర ఆ కర్ర కుళ్లదు. ఒకనాడు తడిసి ఒకనాడు ఆరే చోటే ముందుగా పుచ్చుతుంది. ఋతువు గొడవ కర్రకూ తప్పలేదు.

రెండో శత్రువు గాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో సుమారు పదివేల మంది పోయారు. మట్టిగోడల ఇళ్లు నీటికి కరిగాయి, తాటాకు కప్పులు గాలికి లేచాయి. అంతకు ముందు తరాలు కట్టుకున్న చుట్టిళ్లు, గుండ్రటి గోడతో, నేలకు వంగిన కప్పుతో గాలిని పక్కకు జార్చేవి గానీ, మనిషిని మించిన అలకు అవీ ఆగలేదు. ఆ తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు పిల్లర్ల మీద నిలబడటం ఆ పాఠం నుంచి వచ్చిందే. బెజవాడలో భవనానికి లెక్కవేయాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకుల కప్పు వేసుకునే పేదింటికి ఇది పునాది సంగతి కూడా. ఆ వేగంతో వీచే గాలి కప్పును పైకి లాగుతుంది. కప్పును గోడకు, గోడను పిల్లరుకు, పిల్లరును ఫుటింగుకు ఇనుముతో ముడివేయకపోతే పునాది నేలలో ఉండిపోయి ఇల్లు మాత్రం లేచిపోతుంది.

గొయ్యి ఎప్పుడు తవ్వాలి

సొంతిల్లు కట్టే చాలామంది మట్టి పరీక్షను అపార్టుమెంట్ల వ్యవహారం అనుకుంటారు. స్థలంలో ఒకటి రెండు బోర్లు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. ఆ దెబ్బల లెక్క, గాజు గొట్టాల పరీక్ష, నీటి మట్టం, ఈ మూడూ చేతిలో ఉంటే ఏ పునాదో ఇంజినీరు చెప్పగలడు. దీనికయ్యే ఖర్చు సింహద్వారం ఖర్చు కన్నా తక్కువే. బోరు వేయించే స్తోమత లేనివారు కనీసం పది, పన్నెండు అడుగుల పరీక్ష గొయ్యి ఒకటి తీయించి, మేస్త్రీతో పాటు ఇంజినీరును కూడా అందులోకి తొంగి చూడమనాలి. అంత లోతు రేగడి గొయ్యి అంచులు విరిగిపడతాయి కాబట్టి మనిషిని మాత్రం దించకూడదు.

ఆ గొయ్యి తీయడానికి అనువైన కాలం కాలువలు కట్టేసి ఉండే ఏప్రిల్, మే నెలలు. నేల నెర్రెల లోతు కళ్లకు కనిపిస్తుంది, గోతిలో నీరు ఊరదు, ఇంజిను పెట్టి తోడే పని తప్పుతుంది. అప్పుడు కనిపించే నీటి మట్టం ఏడాదిలో కెల్లా తక్కువది. వానాకాలపు మట్టం కోసం పక్కింటి పాత నుయ్యినీ, ఆ ఇంటి పెద్దవాళ్లనూ అడగాలి. డెల్టాకు సాధారణంగా జూన్, జులై నెలల్లో నీళ్లు వదులుతారు. ఆ నీరు వచ్చేలోపు ఫుటింగులు పోయడం, గుంతలు పూడ్చి దిమ్మిస కొట్టడం పూర్తి కావాలి.